ఇంటి నిండా ఆట సామాను.. పిల్లల్ని కదిలించేది ఎంత?

మూడో పుట్టినరోజుకు ఇంట్లోకి ప్లాస్టిక్ జారుడుబల్ల వస్తుంది. మొదటి వారం ఇల్లంతా సందడి. రెండో వారానికి పక్క ఫ్లాటు పిల్లలు వస్తేనే పిల్లాడు దాని దగ్గరికి వెళ్తాడు. నెల తిరిగేసరికి దాని మెట్ల మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు ఉంటాయి. విజయవాడ పటమటలోనైనా, గుంటూరు లక్ష్మీపురంలోనైనా చాలా ఇళ్లలో జరిగేది ఇదే. డబ్బులు దండగయ్యాయని అమ్మానాన్నలు అనుకుంటారు, వీడికి దేని మీదా నిలకడ లేదని పెద్దవాళ్లు అంటారు. నిజానికి పిల్లాడి తప్పేమీ లేదు. మూడడుగుల జారుడుబల్ల మీద చేయగలిగిన పని ఒక్కటే. అది వారంలో వచ్చేస్తుంది. వచ్చేశాక అక్కడ నేర్చుకోవడానికి ఇంకేమీ మిగలదు.

ఆట సామాను ఎక్కువుంటే పిల్లలు ఎక్కువ కదులుతారని అనుకోవడం సహజమే. ఇళ్లలోని పరిస్థితుల మీద జరిగిన పరిశోధనలు మాత్రం ఆ మాటను గట్టిగా సమర్థించవు. పడకగదిలో టీవీ ఉంటే పిల్లలు కూర్చునే సమయం పెరుగుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఇంట్లో ఆట సామాను ఉంటే కదలిక పెరుగుతుందని కొన్నిట్లో తేలింది, కొన్నిట్లో తేలలేదు. టీవీ, ఫోను ఎవరి సాయమూ లేకుండానే పిల్లల్ని తమ ముందు కూర్చోబెట్టుకుంటాయి. ఊయలకూ బంతికీ సైకిలుకూ ఆ శక్తి లేదు. వాటికి చుట్టూ కాస్త జాగా ఉండాలి, హోంవర్కూ ట్యూషనూ లాక్కోని కాస్త సమయం ఉండాలి, కలిసి ఆడే మనిషి ఉండాలి. ఈ మూడూ ఉన్న ఇంట్లో వంద రూపాయల తాడు చాలు, పిల్లలకు చెమట పడుతుంది. ఇవి లేని ఇంట్లో పదివేలు పోసి కొన్నదైనా మూలకు చేరుతుంది.

ఎంత కదలాలి, ఎలా కదులుతారు

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఓ మాదిరి నుంచి గట్టి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారంలో కనీసం 3 రోజులు ఆయాసం వచ్చేంత గట్టి ఆట, ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే గెంతడం, వేలాడటం, ఎక్కడం లాంటివి ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు 2019లోనే విడిగా సూచనలు వచ్చాయి. 3, 4 ఏళ్ల వాళ్లు రోజంతా కలిపి 180 నిమిషాలు కదలాలి, అందులో 60 నిమిషాలు కాస్త గట్టిగా ఉండాలి. 1, 2 ఏళ్ల వాళ్లకూ 180 నిమిషాలే, నెమ్మదిగా అయినా పర్వాలేదు. నడక రాని పసిపిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి. ఐదేళ్లలోపు ఎవరినీ బండిలోనో, కుర్చీలోనో బెల్టు పెట్టి గంటకు మించి ఒకేచోట కూర్చోబెట్టకూడదన్నది కూడా అందులో ఉంది. మనవాళ్లు పెద్దగా పట్టించుకోని సూచన ఇది.

ఓ మాదిరి, గట్టి అని తేల్చుకోవడానికి చేతికి వాచీ అక్కర్లేదు. ఆడుతూ మాట్లాడగలిగి పాట పాడలేకపోతే అది ఓ మాదిరి శ్రమ. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే గట్టి శ్రమ. హాల్లో జారుడుబల్ల మీద జారే పిల్లాడు చక్కగా పాట పాడగలడు.

ఈ 60 నిమిషాలు ఎంతమందికి అందుతున్నాయంటే లెక్క దిగులు పుట్టిస్తుంది. 2016 నాటి సమాచారంతో 146 దేశాలను పరిశీలించినప్పుడు 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి సరిపడా కదలిక లేదని తేలింది. మన దేశంలో దాదాపు నలుగురిలో ముగ్గురిది అదే పరిస్థితి.

పెద్దవాళ్లు వ్యాయామం అనగానే అరగంట నడక, గంట జిమ్ము అనుకుంటారు. పిల్లల శరీరం అలా పనిచేయదు. అమెరికాలో 6 నుంచి 10 ఏళ్ల పిల్లలను కొద్దిమందిని దగ్గరుండి సెకన్ల లెక్కన గమనించిన అధ్యయనం ఒకటి 1995లో వచ్చింది. పిల్లలు చేసే గట్టి కదలికల్లో 95 శాతం 15 సెకన్ల లోపే అయిపోతాయని అందులో తేలింది. పది నిమిషాల పాటు ఆగకుండా గట్టిగా ఆడిన సందర్భం ఒక్కటి కూడా కనిపించలేదు. ఉరకడం, ఆగడం, వంగడం, మళ్లీ ఉరకడం.. పిల్లల తీరే అంత. అందుకే ట్రెడ్‌మిల్లు మీద ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి నిలబెడితే ఐదు నిమిషాల్లో విసుగొస్తుంది. అదే పిల్లాడు ఏడుపెంకులాటలో రెండు గంటలైనా అలసిపోయానని ఒప్పుకోడు. తొక్కుడుబిళ్ల, కోతికొమ్మచ్చి, దాగుడుమూతలు ఇన్ని తరాలు నిలిచాయంటే అవి ఈ ఉరుకూ ఆగూ లయకు సరిగ్గా సరిపోవడం కూడా ఒక కారణం అయి ఉండాలి. ఏడు పెంకులు ఏరుకొచ్చుకుంటే చాలు, ఆ ఆటకు కొనాల్సింది ఒక్క బంతే.

కదిలేవి, కదలనివి

చిన్నపిల్లల బడుల్లో జరిగిన పరిశీలనల్లో ఒక విషయం తేలింది. నేలకు బిగించిన సామాను ఎక్కువగా ఉన్న బడుల కంటే బంతులు, తాళ్లు, రింగులు లాంటి చేత్తో తీసుకెళ్లే వస్తువులు ఎక్కువగా ఉన్న బడుల్లో పిల్లలు ఎక్కువ కదిలారు. కారణం ఊహించడం కష్టం కాదు. బిగించిన జారుడుబల్ల దగ్గర నలుగురు పిల్లలుంటే ఒకడు జారుతాడు, ముగ్గురు వరసలో నిలబడతారు. బంతి విసిరితే నలుగురూ పరిగెడతారు. పైగా బంతితో చేసే పని రోజుకో రకంగా మారుతుంది. గోడకు కొట్టి పట్టుకోవచ్చు, బకెట్లో వేయొచ్చు, తన్నొచ్చు, తలగడలు వరసగా నిలబెట్టి పడగొట్టొచ్చు. మూడేళ్లవాడికీ పన్నెండేళ్ల అక్కకూ అదే బంతి పనికొస్తుంది.

ఇంట్లో ఆట సామాను ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పని చేసేది వస్తువా, పిల్లాడా? ఈ మధ్య పుట్టినరోజులకు బ్యాటరీ కార్లు బాగా కొంటున్నారు. లైట్లు, పాటలు, రిమోటు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందులో కూర్చున్న పిల్లాడి కాలికి పని లేదు, స్టీరింగు కూడా చాలాసార్లు నాన్న చేతిలోని రిమోటు తిప్పుతుంది. అదే డబ్బుతో, నిజానికి అందులో సగంతోనే, పెడల్ తొక్కే మూడు చక్రాల సైకిలు వస్తుంది. పిల్లల కదలిక కోసమే కొంటున్నామని అనుకునేవాళ్లు బ్యాటరీ కారును ఆ లెక్కలోంచి తీసేయాలి.

ఇక బేబీ వాకర్. నడుముకు సీటు, కింద చక్రాలు ఉండే దీన్ని ఎనిమిదో నెల రాగానే ఎవరో ఒకరు కొనిస్తారు. దీనివల్ల నడక తొందరగా రాదు. కొన్ని అధ్యయనాల్లో ఆలస్యమైనట్టు కూడా తేలింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. పిల్లాడు బరువంతా సీటు మీద వేసి మునివేళ్లతో నేలను తంతాడు. తన బరువును తన కాళ్ల మీద నిలబెట్టుకోవడం అనే అసలు పాఠం అందులో ఉండదు. ప్రమాదం సంగతి ఇంకా పెద్దది. చక్రాల మీద పసివాడు సెకనులో మూడు నాలుగడుగులు పోగలడు, మెట్ల మీది నుంచి దొర్లిపోతాడు, పొయ్యి గట్టు దగ్గరకు చేరతాడు. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎన్నో ఏళ్లుగా నిషేధం కోరుతోంది. మన ఊళ్లలో ఒకప్పుడు వడ్రంగి చేసిచ్చే చెక్క మూడు చక్రాల నడక బండి దీనికంటే ఎంతో మేలు. పిల్లలు తమ కాళ్ల మీద నిలబడి, పట్టుకుని, తోసుకుంటూ పోతారు, బండి ముందుకు ఉరికితే పెద్దవాళ్లు పక్కన ఉండి పట్టుకుంటే చాలు.

వస్తువులు ఎన్ని ఉండాలన్నదీ ఆలోచించాలి. 2018లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో బుడిబుడి అడుగుల పిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, మరోసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో దానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఇంట్లో ఉన్న సామానులో సగం అటక మీద పెట్టి, నెలకోసారి దించి మార్చుకుంటే కొత్తది కొన్నంత ఉత్సాహం వస్తుంది.

మన ఇళ్లు, మన ఎండలు

ఏ దేశంలోనో రాసిన సలహాలు మన ఇళ్లకు నేరుగా పట్టవు. అక్కడ పెరటి గడ్డి ఉంటుంది, ఇక్కడ టైల్స్ వేసిన హాలు ఉంటుంది. అక్కడ చలికాలం పిల్లల్ని ఇంట్లో బంధిస్తే, ఇక్కడ ఎండాకాలం ఆ పని చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్త కాదు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు, అంటే ఆడుకోవడానికి సమయం ఉన్న నెలన్నరలోనే బయటకు వెళ్లే వీలు ఉండదు. ఉదయం ఎనిమిది దాటాక, సాయంత్రం ఆరులోపు పిల్లల్ని ఎండలో పరిగెత్తించడం తెలివైన పని కాదు. పార్కుల్లోని ఇనుప జారుడుబల్లలు ఆ వేళ చర్మం కమిలేంత వేడెక్కి ఉంటాయి. డాబా మీద పెట్టిన ప్లాస్టిక్ సామానూ అంతే, పైగా రెండు మూడు ఎండాకాలాలకు ఆ ప్లాస్టిక్ పెళుసుబారి పగుళ్లిస్తుంది.

వానాకాలం మొదలయ్యాక ఇంకో తలనొప్పి. సరిగ్గా ఆటకు అనువైన సాయంత్రపు వేళే దోమలు లేస్తాయి. డెంగీ భయంతో ఆరున్నరకల్లా పిల్లల్ని లోపలికి పిలిచేస్తారు. ఆ భయాన్ని తప్పు పట్టలేం. ఇలా చూస్తే ఏడాదిలో చాలా నెలలు మన పిల్లలకు ఇంటి లోపలి ఆటే దిక్కు. ఇంట్లో ఆట సామానుకు ఇక్కడ ఉన్న అసలు విలువ అదే.

మరి జాగా ఎక్కడుంది? రెండు పడకగదుల ఫ్లాటులో సోఫా, టీ టేబుల్, టీవీ స్టాండు పోగా హాల్లో మిగిలేది మహా అయితే ఆరడుగుల వెడల్పు. అక్కడ జారుడుబల్ల పెడితే ఉన్న జాగా కూడా పోతుంది. పిల్లలకు ఆరడుగుల ఖాళీ నేల ఆరడుగుల వస్తువు కంటే ఎక్కువ ఉపయోగం. టీ టేబుల్ గోడకు జరిపేస్తే, లేదా అసలు తీసేస్తే, దొర్లడానికి, పిల్లిమొగ్గలు వేయడానికి, సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీయడానికి చోటు వస్తుంది. పాత పరుపు ఒకటి నేల మీద పరిస్తే అదే గెంతే వేదిక. ఇందులో కొనాల్సిందేమీ లేదు, కానీ హాలు ఎప్పుడూ సర్ది ఉండాలన్న పట్టుదల కాస్త వదులుకోవాలి. మన ఇళ్లలో డబ్బు ఖర్చు పెట్టడం కంటే ఇదే కష్టం.

ఇంకో జాగా ఉంది, అపార్ట్‌మెంటు కింద పార్కింగ్. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా ఆఫీసులకు, షాపులకు వెళ్లిన బళ్లు తిరిగి రావు. నీడ ఉంటుంది, వాన పడదు, నేల చదునుగా ఉంటుంది. పిల్లలు ప్లాస్టిక్ బ్యాటుతో క్రికెట్ మొదలుపెడతారు, రెండో రోజుకు ఎవరి కారు అద్దానికో బంతి తగులుతుంది, మూడో రోజు లిఫ్టు పక్కన నోటీసు వేలాడుతుంది. ఇక్కడ అసోసియేషన్లు కాస్త పెద్ద మనసు చేసుకోవాలి. గట్టి రబ్బరు బంతి వద్దు, స్పాంజి బంతి వాడండి, ఆరున్నర దాకా గేటు దగ్గరి నాలుగు గళ్లు మీవి అంటే గొడవ చాలావరకు తీరిపోతుంది. బండి వెనక్కి తీసేటప్పుడు పిల్లలు కనపడరన్నది ఒక్కటే నిజమైన ప్రమాదం. ఆ సమయంలో ఎవరైనా పెద్దవాళ్లు కుర్చీ వేసుకుని కూర్చుంటే అదీ తగ్గుతుంది. నానమ్మలు, తాతయ్యలు ఉన్న ఇళ్లకు ఇది ఏమంత పెద్ద పని కాదు.

ఊయల విషయం

కోస్తా ఇళ్లలో ఊయలకు ఉన్న చోటు ఇంకే ఆట వస్తువుకూ లేదు. అట్లతద్దికి చెట్టుకు కట్టే తాడు ఊయల నుంచి హాల్లో గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల దాకా అందరికీ అలవాటే. ఊగడం పిల్లలకు సుఖంగా ఉంటుంది, తూకం నిలుపుకోవడం నేర్పుతుంది. సొంతంగా కాళ్లు ఊపి ఎత్తుకు లేచే పిల్లలకు పొట్ట, చేతుల కండరాలకు పని ఉంటుంది. ఎవరో తోస్తుంటే కూర్చునే పిల్లలకు అది పెద్దగా శ్రమ కాదు. కాబట్టి నాలుగైదేళ్లు దాటిన పిల్లలకు తొయ్యడం కంటే ఊగడం నేర్పించడం మంచిది.

ఊయలలో జనం సరిగ్గా అంచనా వేయనిది బరువు. 30 కిలోల పిల్లాడు కూర్చుంటే కొక్కెం మీద 30 కిలోలే పడుతుందని అనుకుంటాం. కదలకుండా కూర్చున్నంతవరకు అది నిజం. నిలువు నుంచి 60 డిగ్రీల దాకా లేచేలా ఊగితే, కిందికి దిగి నేలకు దగ్గరగా వచ్చిన క్షణంలో తాడు మీద పడే లాగుడు పిల్లాడి బరువుకు రెట్టింపు అవుతుంది, అంటే 60 కిలోలు. తాడు నేలకు సమాంతరంగా వచ్చేంత ఎత్తు లేస్తే మూడింతలు. ఇద్దరు కలిసి ఎక్కితే అది కూడా రెట్టింపు. పైగా ఈ బరువు ఒక్కసారి పడి ఊరుకునేది కాదు, రోజూ వందల సార్లు అటూ ఇటూ లాగుతుంది. ఫ్యాను కొక్కేనికి ఊయల కట్టకూడదనేది అందుకే. అది కొద్ది కిలోల బరువును నిలువుగా మోయడానికి పెట్టింది.

పాత ఇళ్లలో స్లాబు వేసేటప్పుడే ఇనుప చువ్వలకు చుట్టి కొక్కేలు దించేవాళ్లు. ఇప్పటి ఫ్లాట్లలో తర్వాత డ్రిల్లు వేసి యాంకర్ బోల్టులు బిగిస్తున్నారు. బోల్టు కాంక్రీటులోకి దిగిందా, ప్లాస్టరింగులోనే ఆగిందా అన్నది అక్కడ అసలు ప్రశ్న. ఫాల్స్ సీలింగుకు బిగించడం గురించి ఆలోచించను కూడా వద్దు. పైన బాత్రూమో, డాబా నీటి చెమ్మో ఉన్న చోట స్లాబులోని ఇనుము తుప్పు పడుతుంది. కొక్కెం చుట్టూ గోధుమ రంగు మరక కనిపించినా, పెచ్చు లేచినా ఊయల దించేసి చూపించుకోవాలి. గొలుసు లింకు కొక్కెం మీద రాసుకునే చోట ఇనుము అరిగిపోతుంది. అది కింద నుంచి కనపడదు, స్టూలు వేసుకుని ఏడాదికి ఒకటి రెండు సార్లైనా చేత్తో తడిమి చూడాలి.

చీరతో కట్టే ఊయల గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. పసిపిల్లల్ని పడుకోబెట్టే జోలె వేరు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆడుకోవడానికి దూలానికి చీర కట్టుకుని, అందులో కూర్చుని గిరగిరా తిరుగుతారు. చీర మెలిపడి మెడకు బిగుసుకుంటే విడిపించుకోవడం వాళ్ల వల్ల కాదు, అరవడం కూడా కాదు. వేసవి సెలవుల్లో ఇలాంటి చావుల వార్తలు తెలుగు పేపర్లలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. పెద్దలు లేని గదిలో చీర ఊయల ఉండకూడదు. ఇందులో సర్దుబాటుకు చోటు లేదు.

పడితే ఎక్కడ పడతారు

ఆట సామాను దెబ్బల్లో ఎక్కువ భాగం కింద పడటం వల్లే. ఎంత ఎత్తు నుంచి పడ్డారు, దేని మీద పడ్డారు అన్న రెండింటి మీదే దెబ్బ తీవ్రత ఆధారపడుతుంది. ఆరుబయట పెట్టే పరికరాల చుట్టూ 6 అడుగుల ఖాళీ ఉండాలని, కింద సిమెంటు గానీ గట్టిపడిన మట్టి గానీ ఉండకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతుంది. 4 అడుగుల ఎత్తు నుంచి పడే పిల్లలకు కింద 9 అంగుళాల మందాన ఇసుక కావాలన్నది దాని లెక్క. కానూరులోనో, గోరంట్లలోనో ఖాళీ స్థలం ఉన్న సొంత ఇంటివాళ్లు గుంత తీసి కృష్ణ ఇసుక పోయించుకోవచ్చు. రాత్రిపూట పిల్లులు పాడు చేయకుండా పట్టా కప్పాలి, గట్టిపడకుండా అప్పుడప్పుడూ తిరగేయాలి.

ఫ్లాటులో ఆ లెక్క అక్షరాలా కుదరదు. అలాగని రంగురంగుల ఫోమ్ మ్యాట్లు పరిచి నిశ్చింతగా ఉండటమూ కుదరదు. అర అంగుళం ఫోము పాకే పిల్లాడికి మోకాళ్లు ఒరుసుకోకుండా కాపాడుతుంది, నాలుగడుగుల నుంచి తల కిందుగా పడితే దాని కింద ఉన్న టైలు దెబ్బ తగులుతుంది. ఇంట్లో ఎక్కే వస్తువులు పిల్లల నడుము ఎత్తు దాటకుండా చూసుకోవడం, వాటిని గోడ అంచులకూ కిటికీలకూ బాల్కనీ గ్రిల్లుకూ దూరంగా పెట్టడం మ్యాటు కొనడం కంటే ముఖ్యం. గ్రిల్లు పక్కన పెట్టిన జారుడుబల్ల గ్రిల్లు ఎక్కడానికి నిచ్చెన అయిపోతుంది.

సాగే గుడ్డ మీద ఎగిరి గెంతే ట్రాంపోలిన్ విషయంలో వైద్యుల మాట స్పష్టంగా ఉంది. ఇళ్లలో సరదాకి వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చాలాకాలంగా చెబుతోంది. దాని మీద తగిలే దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకేసారి ఇద్దరు ముగ్గురు గెంతినప్పుడు తగిలేవే. వాళ్లలో చిన్నవాడికే ఎక్కువ తగులుతుంది. ఉన్నవాళ్లు పారేయక్కర్లేదు గానీ, ఒక్కసారి ఒక్కరే అన్న నియమం పుట్టినరోజు పార్టీలో కూడా సడలకూడదు.

కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. 14 ఏళ్లలోపు పిల్లల ఆట వస్తువులకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి మన దేశంలో తప్పనిసరి. ఇళ్లలో వాడే ఊయలలు, జారుడుబల్లలకు ఐఎస్ 9873 ప్రమాణంలో నాలుగో భాగం ప్రత్యేకంగా ఉంది. బీసెంట్ రోడ్డు షాపులో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా పెట్టె మీద ఆ గుర్తూ, దాని కింద లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో ఈ గుర్తునిచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. ఆటోనగర్లోనో, వీధి చివరి వెల్డింగ్ షాపులోనో స్టాండు చేయించుకునేవాళ్లకు ఈ గుర్తు అండ ఉండదు, తామే చూసుకోవాలి. పైపు చివర్లకు మూతలు ఉన్నాయా, వెల్డింగు దగ్గర గరుకు అంచులు అరగదీశారా, గట్టిగా ఊగితే స్టాండు కాలు లేస్తోందా అన్నవి ముందు చూడాలి. కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాల కంటే తక్కువైనా ఉండాలి, 9 అంగుళాల కంటే ఎక్కువైనా ఉండాలి. మధ్యలో ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది.

ఇల్లు ఇవ్వలేనిది

ఇంట్లో ఎంత మంచి సామాను పెట్టినా అందులో దొరకనిది పగటి వెలుగు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు. ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరంలోనివి మసకగా కనిపించే లోపం రాగా, ఉన్న బడుల్లో అది 30.4 శాతానికి తగ్గింది. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. నీడలో ఉన్నా ఆరుబయట వెలుగు ట్యూబులైటు గది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఉదయం ఆరున్నరకు డాబా మీద ఇరవై నిమిషాల బంతాట, మే నెలలో కూడా కుదిరే పనే. ఈ కారణంగానే తాడు, బంతి, షటిల్ బ్యాట్ల లాంటి చేత్తో బయటకు తీసుకెళ్లగలిగేవే ముందు కొనాలి. తాడు కొలత కూడా ముఖ్యం. నడిమి భాగం మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడితే పిడులు చంకల దాకా రావాలి. మరీ పొడుగైతే కాళ్లకు చుట్టుకుంటుంది, పిల్లలు రెండు రోజుల్లో విసిగి వదిలేస్తారు.

చివరగా, ఈ చర్చంతా తరచుగా ఐదేళ్లలోపు పిల్లల చుట్టూనే తిరుగుతుంది. సామాను కూడా వాళ్లకే ఎక్కువ అమ్ముతారు. నిజంగా కదలిక పడిపోయేది ఆరో తరగతి నుంచి. విజయవాడ, గుంటూరు చదువుల గురించి తెలియనివాళ్లు ఉండరు. ఏడింటికి బస్సు, సాయంత్రం స్టడీ అవర్, ఇంటికొచ్చాక హోంవర్కు. చాలా బడులు అపార్ట్‌మెంటు లాంటి భవనాల్లోనే నడుస్తాయి. బడికి ఆటస్థలం ఉండాలని, తరగతికి కావాల్సిన ఆట సామాను ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. అడ్మిషన్ రోజు ర్యాంకుల గురించి అడిగే తల్లిదండ్రులు గ్రౌండు ఎక్కడుందని కూడా అడిగితే బడులు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటాయి.

అమ్మాయిల పరిస్థితి ఇంకా కష్టం. ప్రపంచవ్యాప్తంగా అబ్బాయిల్లో 78 శాతం మందికి సరిపడా కదలిక లేకపోతే అమ్మాయిల్లో అది 85 శాతం. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల విలువిద్యలో 3 బంగారు పతకాలు గెలిస్తే ఊరంతా గర్వపడింది. అదే ఊళ్లో పెద్దమనిషి కాగానే పిల్లను కింద పార్కింగులో ఆడనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎముకలు గట్టిపడే వయసు సరిగ్గా అదే. గెంతడం, తాడాట, వేలాడటం వల్ల ఎముకలకు ఎక్కువ లాభం జరిగేదీ ఆ ఏళ్లలోనే. జారుడుబల్ల మీద పెట్టే డబ్బులో కొంత పన్నెండేళ్ల అమ్మాయికి మంచి షటిల్ బ్యాటు కొనడానికీ, గుమ్మానికి గట్టిగా బిగించిన రాడ్డుకీ పెడితే ఎంతో మేలు. అపార్ట్‌మెంట్లలో డాబా తలుపుకు ఎప్పుడూ తాళమే ఉంటుంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అది తెరిచి ఉంచితే, వంతులవారీగా ఒక తల్లి పైన ఉంటే, ట్యాంకు స్తంభాల మధ్య నెట్టు కట్టి అక్కాచెల్లెళ్లు, పక్క ఫ్లాటు స్నేహితురాళ్లు అందరూ ఆడుకుంటారు. దానికి ముందు పిట్టగోడ పిల్లల భుజాల కంటే ఎత్తుగా ఉందో లేదో చూసుకోవాలి, ట్యాంకు నిచ్చెనకు తాళం వేయాలి, ఒక లైటు పెట్టించాలి.